మీ ప్రశ్నలు – జవాబులు: కర్ట్ కొబేన్ వదిలివెళ్లిన పెట్టెలు

గత సంచికలో అమెరికా రాక్ గాయకుడు కర్ట్ కొబేన్ జీవితంపై 2015లో వచ్చిన ‘కొబేన్: మాంటేజ్ ఆఫ్ హెక్’ అనే డాక్యుమెంటరీని పరిచయం చేస్తూ నాలుగు పేరాలు రాశాను. వాటికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ, మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్ని సినిమా సంగతి అడిగాయి. మరికొన్ని సినిమా పేరు చెప్పి ఇంటి సంగతి అడిగాయి. అందుకని ఈసారి ఎవరి పేర్లూ ఇవ్వకుండా ఊరి పేర్లు మాత్రమే ఇస్తున్నాను. కొబేన్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. అది ఏ విధంగా జరిగిందో ఈ శీర్షికలో ఎక్కడా రాయలేదు. ఎందుకు రాయలేదో మహబూబ్‌నగర్ తల్లిగారికి ఇచ్చిన జవాబులో ఉంది.

ప్రశ్న: ఈ గాయకుడి పేరు నేను ఇంతకుముందు వినలేదు. ఆయన ఎవరు, ఆ డాక్యుమెంటరీలో చూడదగినది ఏముంది?
– డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: కర్ట్ కొబేన్ 1967 ఫిబ్రవరి 20న అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలోని అబర్డీన్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. అడవిలో చెట్లు నరికి, దుంగలు కోసి అమ్ముకుని బతికిన ఊరు అది. ముసురు పట్టని వారం అరుదు. తండ్రి మోటారు మెకానిక్. కొడుకుకు తొమ్మిదేళ్ల వయసులో తల్లిదండ్రులు విడిపోయారు. అప్పటి నుంచి కొన్నాళ్లు తల్లి దగ్గర, కొన్నాళ్లు తండ్రి దగ్గర, కొన్నాళ్లు బంధువుల ఇళ్లలో పెరిగాడు. ఊళ్లో తాత దగ్గర ఒక ఏడు, హాస్టల్లో ఒక ఏడు, ముంబయిలోనో పుణెలోనో మట్టిపనికి పోయిన అమ్మానాన్నల దగ్గర ఒక ఏడు గడిపి, ప్రతిచోటా చుట్టంలాగా మసలడం నేర్చుకున్న పిల్లలను పాలమూరు బడుల్లో పనిచేసిన ఏ టీచరైనా చూసే ఉంటారు. ఆ పిల్లలను ఎరిగినవారికి ఈ సినిమా మొదటి భాగాన్ని ఎవరూ విడమరిచి చెప్పనవసరం లేదు.

పద్నాలుగో పుట్టినరోజుకు మేనమామ ఒక గిటారు కొనిచ్చాడు. 1987లో క్రిస్ట్ నోవోసెలిక్ అనే స్నేహితుడితో కలిసి కొబేన్ ‘నిర్వాణ’ బృందాన్ని మొదలుపెట్టాడు. 1989లో వచ్చిన తొలి ఆల్బమ్ రికార్డింగుకు అయిన ఖర్చు దాదాపు 606 డాలర్లు. 1991 సెప్టెంబర్ 24న రెండో ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ విడుదలైంది. మొదట యాభైవేల ప్రతులు కూడా అంగళ్లకు పంపని ఆ ఆల్బమ్, 1992 జనవరిలో మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌ను పక్కకు జరిపి అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది కొబేన్‌కు పెళ్లయింది, కూతురు పుట్టింది. 1994 ఏప్రిల్ 5న సియాటిల్‌లోని తన ఇంట్లో చనిపోయాడు. కరెంటు పని మీద వచ్చిన మనిషి మూడు రోజుల తర్వాత చూసేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. అప్పటికి ఆయన వయసు 27.

ఆయన పాట నాకు 1995లో చేరింది. నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర, ఖాళీ కాసెట్ తీసుకుపోతే పాటలు నింపి ఇచ్చే దుకాణం ఒకటి ఉండేది. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న మా పెద్దమ్మ కొడుకు తెచ్చిన కాసెట్ నుంచి ‘నెవర్‌మైండ్’ నింపించుకోవడానికి వెళితే, దుకాణదారు నిమిషం సేపు విని టేపు ఆపి, “తమ్మీ, నీ కాసెట్ ఖరాబైనట్టున్నది, గరగర వస్తున్నది” అన్నాడు. అది గిటారు చప్పుడేనని చెప్పినా నమ్మక, యంత్రం తలను స్పిరిట్ దూదితో తుడిచి మళ్లీ పెట్టాడు. మాటలు నాకూ అర్థం కాలేదు. గొంతు మాత్రం అర్థమైంది.

సినిమా విషయానికి వస్తే, కొబేన్ చనిపోయాక ఆయన వస్తువులను కుటుంబం పెట్టెల్లో సర్ది భద్రపరిచింది. దర్శకుడు బ్రెట్ మోర్గన్ ఆ పెట్టెలు తెరిచినప్పుడు రెండు వందల గంటలకు పైగా ధ్వనిముద్రణలు, నాలుగు వేల పేజీలకు పైగా రాతలు, బొమ్మలు, ఇంటి కెమెరాతో తీసిన వీడియోలు దొరికాయి. సినిమా పేరు కూడా అందులోదే. పాటల ముక్కలను, టీవీ మాటలను, చప్పుళ్లను అతికించి కొబేన్ స్వయంగా తయారుచేసుకున్న ఒక కాసెట్‌కు పెట్టుకున్న పేరది. నోటుబుక్కు పేజీలు తెర మీద మన కళ్ల ముందే రాసుకుపోతుంటాయి. కొట్టివేతలు, పక్కన పిచ్చిబొమ్మలు, బృందానికి ఏ పేరు పెట్టాలా అని రాసుకున్న జాబితాలు కనిపిస్తాయి. ఒక మనిషి ఆలోచిస్తుండగా పక్కన కూర్చుని చూసినట్టుంటుంది. చావు కోసం కాకుండా ఆ పేజీల కోసం ఈ సినిమా చూడండి.

ప్రశ్న: ‘నిర్వాణ’ అంటే దీపం ఆరిపోవడమని ధాత్వర్థం. బౌద్ధంలోని ఈ మాటను రాక్ బృందానికి పెట్టుకోవడంలో ఏమైనా తాత్వికత ఉందా?
– విశ్రాంత ఉపాధ్యాయులు, సూర్యాపేట

జవాబు: బౌద్ధ శిథిలాలున్న ఫణిగిరి గుట్టకు అంత దగ్గరగా ఉన్నవారు ఈ ప్రశ్న అడగడం సహజమే. బౌద్ధం పట్ల కొబేన్‌కు కొంత ఆసక్తి ఉండేది. అయితే పేరు గురించి ఆయన చెప్పిన కారణం సాదాసీదాది: పంక్ బృందాలు పెట్టుకునే కటువైన పేర్లలా కాకుండా అందంగా వినిపించే పేరు కావాలనుకున్నాడు. అంతకు మించి అందులో ముందే రాసిపెట్టిన సూచన వెతకడం న్యాయం కాదని నా అభిప్రాయం. దీపం ఆరిపోవడం అని మీరు చెప్పిన ధాత్వర్థం సరైనదే కాని, పేరు పెట్టుకున్న 1988 ప్రాంతంలో ఆ కుర్రవాడికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. అప్పుడు అతనికి కావలసింది వచ్చే శనివారం వాయించడానికి ఒక చోటు.

ప్రశ్న: నేను లఘుచిత్రాలు తీస్తాను. ఈ సినిమాలో చూపించినదంతా నిజమని నమ్మవచ్చా? కుటుంబమే డబ్బు పెట్టి తీయించుకున్నదని కొందరు అంటున్నారు.
– వనపర్తి

జవాబు: డబ్బు పెట్టి తీయించుకున్నది అనడం సరికాదు గాని, కుటుంబం అనుమతి లేకుండా ఆ పెట్టెలు తెరుచుకునేవి కావన్నది నిజం. కొబేన్ కూతురు ఫ్రాన్సిస్ బీన్ ఈ చిత్రానికి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లలో ఒకరు. తండ్రి పోయేనాటికి ఆమెకు ఇరవై నెలలు నిండలేదు. తండ్రిని గోడమీది బొమ్మగా కాక మనిషిగా చూపే సినిమా కావాలన్నది ఆమె కోరిక. సినిమా చూశాక ఆ కోరిక నెరవేరిందనే అనిపించింది. తండ్రిని దాచుకునే కూతురైతే అందులో సగం దృశ్యాలు బయటికి రానిచ్చేది కాదు.

నమ్మకం సంగతికి వస్తే, ఇందులో రెండు రకాల సామగ్రి ఉంది. తల్లి, తండ్రి, సవతితల్లి, చెల్లెలు, తొలి స్నేహితురాలు, నోవోసెలిక్, భార్య కోర్ట్నీ లవ్ కెమెరా ముందు చెప్పిన మాటలు ఒక రకం. కొబేన్ తానే కాసెట్లలో చెప్పుకున్న కథలు రెండో రకం. వీటిలో కొన్నింటికి దర్శకుడు యానిమేషన్ బొమ్మలు తోడుచేశాడు. బడి రోజుల నాటి ఒక కథనం అలా వస్తుంది. అది వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది. అయితే కొబేన్‌ను కుర్రతనం నుంచి ఎరిగిన సాటి సంగీతకారుడు బజ్ ఆస్బోర్న్, సినిమా వచ్చాక, అందులో చాలా భాగం నిజం కాదని, కొబేన్ కథలు కల్పించి చెప్పే మనిషని బహిరంగంగా రాశాడు. కొబేన్ ఎన్నో ఏళ్లు బాధపడ్డానని చెప్పుకున్న కడుపునొప్పి కూడా ఒక సాకేనన్నాడు. ఇక్కడ దర్శకుడి పొరపాటు ఉందనే అంటాను. ఆ కాసెట్‌ను సాక్ష్యంగా చూపించాడు. రచనగా చూపించి ఉండవలసింది. రాసేవాడు తన బాల్యాన్ని చెప్పుకునేటప్పుడు జరిగినదానికి జరగవలసినదాన్ని కలుపుతాడు. అది అబద్ధం కాదు, వాంగ్మూలమూ కాదు.

డ్రమ్స్ వాయించిన డేవ్ గ్రోల్ సినిమాలో మాట్లాడడు. ఆయన ఇంటర్వ్యూ దొరికేసరికి సినిమా కూర్పు పూర్తయిందని దర్శకుడు చెప్పాడు. మూడు కాళ్ల పీటకు ఒక కాలు లేనట్టే. ఆ లోటు తెలుస్తుంది.

కడుపునొప్పి గురించి మాత్రం ఒక మాట. అది ఎంత నిజమో బయటివాళ్లం తేల్చలేం. కాని నల్లగొండ జిల్లాలో పెరిగినవాడిగా, ఎదుటివాడి నొప్పిని సాకు అనడానికి నాకు నోరు రాదు. మర్రిగూడ దగ్గర మా బంధువు ఒకాయన నడుము వంగక, మెడ తిరగక, ఎన్నో ఏళ్లు ఇంట్లోవాళ్ల చేతనే ‘పనిదొంగ’ అనిపించుకున్నాడు. తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరిందని ఎక్స్‌రే తీసిన డాక్టరు చెప్పిన రోజున ఆయన నవ్వాడు. నొప్పి తగ్గి కాదు. చెప్పింది నిజమని తేలినందుకు.

ప్రశ్న: నేను పాటలు రాస్తాను. బాధ లేనిదే మంచి పాట రాదని మా గురువుగారు అంటారు. కొబేన్ జీవితం అందుకు రుజువు కాదా?
– నాగర్‌కర్నూల్

జవాబు: కాదు. ఈ ఉత్తరాలన్నింటిలో నాకు ఎక్కువ దిగులు కలిగించిన ప్రశ్న మీదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

ఒక మనిషి చిన్న వయసులో చనిపోతే, మనం అతని జీవితాన్ని చివరి పేజీ నుంచి వెనక్కి చదవడం మొదలుపెడతాం. అప్పుడు ప్రతి వాక్యం సూచనగా, ప్రతి పాట వీలునామాగా కనిపిస్తుంది. 1993 నవంబర్ 18న న్యూయార్క్‌లో నిర్వాణ బృందం టీవీ కోసం చేసిన కచేరీనే తీసుకోండి. కొబేన్ కోరిక మీద వేదికను లిల్లీ పూలతో, నల్ల కొవ్వొత్తులతో అలంకరించారు. ఆరు నెలలు తిరగకముందే ఆయన పోయాడు కనుక, చూసినవారంతా ‘తన చావు తానే పాడుకున్నాడు’ అంటారు. ఆ రాత్రి నిజంగా జరిగినదేమిటి? అంతకుముందు కంగారుతో, ఒంట్లో బాగాలేక ఇబ్బందిపడిన మనిషి, వేదిక ఎక్కాక పద్నాలుగు పాటలను ఏ ఒక్కటీ రెండోసారి పాడకుండా పూర్తిచేశాడు. వాటిలో ఆరు ఇతరుల పాటలు. అందరూ ఎదురుచూసిన తన పెద్ద హిట్ పాటను పక్కనపెట్టి, తాను ప్రేమించినవాళ్ల పాటలు ఎంచుకుని పాడాడు. చివరి పాట, లెడ్ బెల్లీ అనే నల్లజాతి జానపద గాయకుడి నోట కొబేన్ విన్నది. అంతకుముందు ఎన్ని నోళ్లు మారిందో లెక్కలేని పాట. మన బతుకమ్మ పాటలాగా, ఒగ్గు కథలాగా దానికి ఒక కర్త లేడు. ఆ పాటలో ఆఖరి చరణానికి గొంతు పైకెత్తి, ఒక్క క్షణం ఆగి, కళ్లు తెరిచి ఊపిరి తీసుకుంటాడు. ఆ ఊపిరి సాధన చేసిన గాయకుడిది. ఎక్కడ ఆగితే విన్నవాడి గుండె ఆగుతుందో తెలిసినవాడిది.

నోటుబుక్కులు చూడండి. ఒకే చరణానికి నాలుగైదు రూపాలు ఉంటాయి. ‘నెవర్‌మైండ్’ రికార్డింగుకు ముందు నెలల తరబడి సాధన చేశారు. మూడో ఆల్బమ్‌ను 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటాలో రెండు వారాల్లో ముగించారంటే పని ఎంత సిద్ధంగా ఉందో ఊహించండి. మత్తు ముదిరిన నెలల్లో మిగిలినవి రద్దయిన కచేరీలు, ఆసుపత్రి గదులు. బాధ ఆయన చేత పాటలు రాయించలేదు. బాధ ఉన్నా రాశాడు. అది చివరికి రాయనివ్వలేదు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే ఒక కుర్రవాడు తన దుఃఖాన్ని పెట్టుబడి అనుకుని దాచుకుంటాడు, మందు వేసుకోనంటాడు, నయమైతే పాట పోతుందని భయపడతాడు. మీ గురువుగారి పట్ల గౌరవంతోనే చెబుతున్నాను: దుఃఖం పాటలోకి వస్తుంది, నిజమే. దాన్ని పాటగా మలిచేది మాత్రం పొద్దున లేచి కాగితం ముందు కూర్చునే ఓపిక.

ప్రశ్న: రాక్ గాయకులు 27 ఏళ్లకే చనిపోతారనే మాట నిజమేనా?
– దేవరకొండ

జవాబు: జిమీ హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్ 1970లో, జిమ్ మారిసన్ 1971లో, కొబేన్ 1994లో, ఏమీ వైన్‌హౌస్ 2011లో, అందరూ 27వ ఏటనే పోవడంతో ఈ మాట పుట్టింది. బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరిన ఆల్బమ్‌ల సంగీతకారులు 1,046 మందిని పరిశీలించి 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక అధ్యయనం ప్రచురించింది. 27వ ఏట మరణాలు ప్రత్యేకంగా పెరగలేదని, అయితే ఇరవైలలో, ముప్పైలలో ఉన్న సంగీతకారులు సాధారణ ప్రజలకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువగా చనిపోతున్నారని తేలింది. అంటే అంకెలో మహిమ లేదు, ఆ వృత్తిలో ప్రమాదం ఉంది. ‘ఇరవై ఏడు’ అనే అంకెను జాతకంలాగా చెప్పుకోవడం వల్ల ఆ అసలు ప్రమాదం మరుగున పడుతున్నది.

ప్రశ్న: డబ్బు, పేరు, భార్య, పసిబిడ్డ ఉండి కూడా మత్తు మానుకోలేకపోయాడంటే అది బలహీనత కాక మరేమిటి? అలాంటివాడి మీద సినిమా అవసరమా?
– జడ్చర్ల

జవాబు: మీ కోపం నాకు అర్థమవుతున్నది. ఆ సినిమాలో మీకన్నా ఎక్కువ కోపం తెప్పించే దృశ్యం ఒకటి ఉంది. పసిపాపకు మొదటిసారి జుట్టు కత్తిరిస్తుంటారు. తండ్రి ఒళ్లో పాప కూర్చుని ఉంటుంది. తండ్రి కళ్లు మూతలు పడుతుంటాయి, మాట ముద్దగా వస్తుంటుంది, తల వాలుతుంటుంది. తాను మత్తులో లేనని, అలసట మాత్రమేనని చెబుతుంటాడు. పాప ఆ చేతుల్లో కదులుతుంటుంది. నేను ఆ దృశ్యం దగ్గర ఆపేసి, లేచి, వాకిట్లో కాసేపు తిరిగి వచ్చి మళ్లీ చూశాను. దర్శకుడు దాని మీద వ్యాఖ్యానం ఏదీ పెట్టలేదు. పెట్టకపోవడమే మంచిదైంది.

ఆ దృశ్యం చూశాక కూడా ‘బలహీనుడు’ అనే మాట నాకు సరిపోలేదు. మీరు జడ్చర్లవారు కనుక మీకు తెలిసిన ఉదాహరణే చెబుతాను. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి దుకాణాలకు సరుకు ఆగిపోయినప్పుడు మన ఆసుపత్రుల వరండాల్లో ఏం జరిగింది? రోజంతా ఎండలో కూలిచేసి సాయంత్రం రెండు సీసాలు తాగి పడుకునే మనుషులు, ఆడవాళ్లు సహా, చేతులు వణుకుతూ, మెడలు మెలితిరిగి, మూర్ఛలతో, అయినవాళ్లను గుర్తుపట్టలేక మంచాల మీద పడి ఉన్నారు. వాళ్లు తాగినదానిలో డైజిపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు ఉన్నాయని వాళ్లకు తెలియదు. వాళ్లను బలహీనులని ఎవరమూ అనలేదు. మెదడు ఒక మందుకు అలవాటుపడ్డాక అది లేకపోతే శరీరమే తిరగబడుతుందని ఆ రోజుల్లో జిల్లా మొత్తానికి అర్థమైంది. కొబేన్ బానిసైన హెరాయిన్ పట్టు కూడా అలాంటి మొండిదే. 1994 మార్చిలో భార్య, స్నేహితులు కలిసి కూర్చుని నచ్చచెప్పి కొబేన్‌ను లాస్ ఏంజెలిస్‌లోని చికిత్స కేంద్రానికి పంపారు. రెండు మూడు రోజులకే గోడ దూకి వెళ్లిపోయాడు. ఇంటివాళ్లు మనుషులను పెట్టి వెతికించారు. చుట్టూ ఉన్నవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆ పసిపాప పట్ల ఆయన చేసింది తప్పే. ఆయన జబ్బుమనిషి అన్నదీ నిజమే. ఈ రెండు మాటలూ కలిపి చెప్పగలిగినందుకే ఈ సినిమా అవసరమంటాను.

ప్రశ్న: మా పెద్దబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. తలుపు వేసుకుని ఈ నిర్వాణ పాటలే వింటాడు. ఆ సినిమా మూడుసార్లు చూశాడు. నోటుబుక్కులో ‘నేను లేకపోతే అందరికీ మంచిది’ అని రాసి ఉండగా చూశాను. ఫోన్ గుంజుకుని, పాటలు మాన్పించాలా? వాళ్ల నాన్నకు చెప్పలేదు.
– ఒక తల్లి, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన రోజునే మీకు విడిగా రాశాను. మీలాంటి మరికొందరు తల్లులు చదువుతారని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

పాటలు మాన్పించకండి. ఆ వాక్యాన్ని మాత్రం వదిలిపెట్టకండి. ఈ రోజే, అన్నం తిన్నాక, తమ్ముళ్లూ చెల్లెళ్లూ లేని సమయం చూసి పక్కన కూర్చోండి. “నీ నోటుబుక్కు చూశాను బిడ్డా, కోపగించుకోకు. చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?” అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మన పెద్దలు భయపడతారు. అలా పుట్టదని, అడిగినందువల్ల పిల్లలకు భారం దిగుతుందని మానసిక వైద్యులు గట్టిగా చెబుతారు. జవాబు ఏదైనా కసరకండి, మార్కుల మాట ఎత్తకండి, ‘నీకేం తక్కువ చేశాం’ అనకండి. అవునని తలూపితే ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా పడుకోనివ్వకండి. మీది వ్యవసాయ కుటుంబమని రాశారు. చేను కోసం తెచ్చిన మందు డబ్బాలు ఇంట్లో ఉంటే వెంటనే తీసేసి, తాళం ఉన్న మరోచోట పెట్టించండి. ఇందుకోసమైనా వాళ్ల నాన్నకు చెప్పాలి. 14416 అనే టెలిమానస్ నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనవసరం లేదు, తెలుగులో మాట్లాడతారు. మీ ఊళ్లోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు మానసిక వైద్య విభాగం అని చెప్పండి. ఎవరైనా తెలిసినవాళ్లు కనిపిస్తారేమోనని వెనక్కి రాకండి.

సినిమా చూడటం వల్ల హాని జరుగుతుందా అన్నది మీ రెండో ప్రశ్న. ఒక ప్రసిద్ధుడి ఆత్మహత్యను ఎలా జరిగిందో వర్ణిస్తూ, అదొక గొప్ప ముగింపులాగా చూపిస్తే, ఆ దారిలో మరికొందరు పోయే ప్రమాదం ఉందని చాలా దేశాల్లో తేలింది. ఈ శీర్షికలో ఆ వివరాలు లేకపోవడానికి కారణం అదే. దీనికి మరో వైపు కూడా ఉంది. కొబేన్ పోయినప్పుడు సియాటిల్‌లో అలాంటి మరణాలు వరుసగా జరుగుతాయని అందరూ భయపడ్డారు. 1994 ఏప్రిల్ 10న వేలాది మంది కుర్రకారు ఒకచోట చేరినప్పుడు, సహాయ కేంద్రం వారు కూడా అక్కడ మాట్లాడారు. కోర్ట్నీ లవ్ గొంతు రికార్డు చేసి వినిపించారు. అందులో ఆమె భర్త రాసిన చివరి ఉత్తరం చదువుతూ, మధ్యమధ్య ఆగి ఏడుస్తూ, కోపంగా అతన్ని తిడుతూ, అతను రాసింది తప్పని వాదించింది. తర్వాత లెక్కలు తీసిన పరిశోధకులకు ఆ ప్రాంతంలో ఆత్మహత్యలు పెరిగినట్టు కనిపించలేదు. సహాయ కేంద్రానికి వచ్చిన ఫోన్లు మాత్రం బాగా పెరిగాయి. అంటే పిల్లలు చావును కాకుండా సాయాన్ని అడిగారు. అందుకని, వాడు నాలుగోసారి ఆ సినిమా పెట్టుకున్నప్పుడు మీరూ పక్కన కూర్చోండి. అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఏ పాట ఎందుకు ఇష్టమో వాణ్ణే చెప్పనివ్వండి. మీ రెండో ఉత్తరం కోసం చూస్తుంటాను.

ప్రశ్న: మన గాయకుల మీద ఇలాంటి సినిమా ఎందుకు రాదు?
– నల్లగొండ

జవాబు: పెట్టెలు లేకపోవడం వల్ల. భువనగిరిలో స్పిన్నింగ్ మిల్లు కార్మికురాలిగా పనిచేస్తూ పాడిన బెల్లి లలిత 1999లో హత్యకు గురైంది. అమరచింతలో పుట్టిన సాయిచంద్ 2023 జూన్‌లో, నలభై ఏళ్లు నిండకుండానే గుండెపోటుతో పోయాడు. ఈ మరణాలకూ కొబేన్ మరణానికీ పోలిక లేదు. కాని వెనుక మిగిలిన సామగ్రి విషయంలో పోలిక పెట్టి చూడవచ్చు. సాయిచంద్ పాటలు సభావేదికల మీద పాడినవి వందల ఫోన్లలో ఉన్నాయి. ఆయన చిత్తుకాగితాలు, పాట కట్టేటప్పుడు తనలో తాను పాడుకున్నవి ఎంతమంది దాచారు? లలిత కాలంలో కాసెట్లే దిక్కు. ఆ కాసెట్లు ఉన్న ఇళ్లలో ఇప్పుడు వాటిని వినిపించే టేపురికార్డరు లేదు, ఒక్కో వానాకాలానికి టేపు మీద బూజు పెరుగుతున్నది. మీ ఇంట్లో పాత సభల కాసెట్లు ఉంటే, ఈ వేసవిలోనే ఎవరైనా కుర్రవాడి చేత కంప్యూటర్‌లోకి ఎక్కించండి. సినిమా తీసేవాడు తర్వాత వస్తాడు.

ప్రశ్న: మా తమ్ముడు రెండేళ్ల కింద పోయాడు. వాడు కూడా తన ప్రాణం తానే తీసుకున్నాడు. రాత్రిపూట పాటలు పాడి ఫోన్‌లో రికార్డు చేసుకునేవాడు. ఆ ఫోన్ నా దగ్గరే ఉంది. తీయబుద్ధి కాదు, పారేయబుద్ధీ కాదు. మీరు ఆ పెట్టెల గురించి రాసింది చదివాక నిద్ర పట్టలేదు. ఏం చేయమంటారు?
– సూర్యాపేట జిల్లా

జవాబు: కొబేన్ పెట్టెల్లోనివి సినిమాగా రావడానికి ఇరవై ఏళ్లు దాటింది. ఆ సినిమా తీసింది కూడా బయటి మనిషి. మీకు రెండేళ్లే అయింది. వినాలన్న తొందర పెట్టుకోకండి. విననందుకు మీరు వాడిని మరిచిపోయినట్టు కాదు.

ఒక్క పని మాత్రం ఆలస్యం చేయకండి. చాలాకాలం చార్జింగు లేకుండా ఉన్న ఫోన్‌లో బ్యాటరీ ఉబ్బవచ్చు, ఒక్కోసారి మొత్తం ఫోనే పాడవుతుంది. పాస్‌వర్డ్ తెలిస్తే, మీకు నమ్మకమున్న స్నేహితుడి చేతికిచ్చి, అతన్ని కూడా వినవద్దని చెప్పి, ఉన్నవన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించమనండి. పాస్‌వర్డ్ తెలియకపోతే ఎవరినీ ఊహించి నొక్కనివ్వకండి. ఎక్కువసార్లు తప్పితే కొన్ని ఫోన్లు అన్నీ చెరిపేస్తాయి. ఒక పెన్‌డ్రైవు మీ దగ్గర ఉంచుకోండి. రెండోది చిన్న డబ్బాలో పెట్టి, మీద వాడి పేరు రాసి, అమ్మ బీరువాలో బట్టల కింద పెట్టండి. అందులో ఏముందో అమ్మకు చెప్పండి. ఆమెకు మీకన్నా ముందే వినాలనిపించవచ్చు. అప్పుడు పక్కన కూర్చోండి. మీకు నిద్ర పట్టని రాత్రులు ఇంకా ఉంటే, పైన మహబూబ్‌నగర్ తల్లిగారికి ఇచ్చిన నంబరే మీకూ పనిచేస్తుంది. పోయినవాడి అన్నలు కూడా అక్కడికి ఫోన్ చేయవచ్చు.